నూనె మరక కింద అంకె

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాలో మా గల్లీ మొత్తానికి ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. పోస్టాఫీసులో పనిచేసే ఎదురింటాయనకు నాకంటే బాగానే వచ్చు. కానీ ఆయన సాయంత్రం ఇంటికొచ్చి తలుపు వేసుకునేవాడు, నేనేమో అరుగు మీదే ఉండేదాన్ని. అందుకని కరెంటు బిల్లయినా, మందు సీసా మీది చీటీ అయినా, దూరాన ఉన్న అల్లుడి దగ్గర్నుంచి వచ్చిన టెలిగ్రామ్ అయినా అందరూ నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. కాన్వెంటు బూట్లు, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు, పదకొండేళ్ళు. పొగరు నెత్తి మీద కూర్చుని ఉండేది. "నీ ఇంగ్లీషుకు పప్పు ఉడకది గని, పోయి పొయ్యి చూడు" అని మా అమ్మ అప్పుడప్పుడూ నన్ను కిందికి దించేది. నేను మళ్ళీ ఎక్కేదాన్ని.

గల్లీ మొదట్లో, పెద్ద రోడ్డుకు తిరిగే మూల మీద మిస్త్రీ తాత దుకాణం ఉండేది. రెండు చెక్క తలుపులు, లోపల పొగచూరిన గోడ, నేల మీద ఎప్పుడూ ఏదో ఒక బండి పేగులు. డెబ్బైల మొదట్లో మా గల్లీలో మోటారుసైకిళ్ళు మూడే. అందులో ఒకటి మా బాపుది, అంటే మా నాన్నది. బాపు ఊరికి అవతలి దిక్కున ఒక సర్కారు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. రోజూ పురానాపూల్ దాటి అంత దూరం పోయి రావాలి. ఆ బండి మీద మిస్త్రీ తాత తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు, అది బాపు పెట్టుకున్న నియమం.

మిస్త్రీ తాత నట్టు బిగించడం చూడ్డానికి పనిలేని మొగవాళ్ళు వచ్చి నిలబడేవాళ్ళంటే మీరు నమ్మాలి. పానా పట్టుకుని మామూలుగానే తిప్పేవాడు. చివరి పావు చుట్టు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకునేవాడు. ఊపిరి బిగబట్టేవాడు. అరచెయ్యి ఏదో వింటున్నట్టుగా కాసేపు ఆగి, "బస్, కూసుంది" అనేవాడు. అంతే, ఆ నట్టు ఇంక ఊడేది కాదు, తెగేది కాదు. ఆయన దగ్గర బండి తాలూకు పుస్తకం కూడా ఒకటి ఉండేది, ఏ బోల్టును ఎంత గట్టిగా బిగించాలో అంకెలు అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకం. ఎవరో ఇచ్చిపోయారట. దాన్ని ఆయన నూనె డబ్బా కింద పెట్టుకునేవాడు. "బుక్కు జూసి బండి జేసుడు, ఉప్పు తూకమేసి కూర జేసుడు ఒక్కటే" అని నవ్వేవాడు.

ఒక ఆదివారం నేను దుకాణం ముందు నిలబడి ఉన్నాను. ఒక బండి అప్పుడే దూరం నుంచి వచ్చి ఆగింది. మిస్త్రీ తాత దాని ముందు గొంతుక్కూర్చుని, ఇంజను వంక చూస్తూ, కుడిచెయ్యి తీసుకెళ్ళి సైలెన్సర్ గొట్టం మీద ఆనించాడు. తియ్యలేదు. నాకు ముందు వాసన వచ్చింది. అరిచాను. అప్పుడు ఆయన చేతివంక చూసుకుని, తాపీగా తీశాడు. అరచెయ్యి తెల్లగా ఉబ్బిపోయింది. ఆయన ముఖంలో నొప్పి లేదు. భయం మాత్రం ఉంది, అంత పెద్దమనిషి ముఖంలో భయం చూడటం నాకు అదే మొదటిసారి.

బండివాడు చాయ్‌కి పోయాక నన్ను దగ్గరికి పిలిచాడు. "షుగరు బిడ్డా. వేళ్ళు తెల్వకుంటైపోయినయ్. ఎవ్వరికి జెప్పకు, రోటీ పోతది" అన్నాడు. నేను చెప్పనని గొంతు పట్టుకుని ఒట్టు వేశాను. ఎంతకాలంగా అలా ఉందని అడిగే తెలివి నాకు అప్పుడు లేదు. ఎన్నాళ్ళనుంచి ఆయన ఉత్తగా కళ్ళు మూసుకుని, ఏమీ వినబడకపోయినా "కూసుంది" అంటున్నాడో ఇప్పుడు తలుచుకుంటే గుండె చివుక్కుమంటుంది.

ఆ మరుసటి వారమే నూనె డబ్బా కింది నుంచి పుస్తకం బయటికి వచ్చింది. డబ్బా అడుగున ఉన్న నూనె గుండ్రటి మరకగా అట్ట మీద పడి, లోపలి పేజీల దాకా దిగి ఉంది. "గిండ్ల అంకెలున్నయ్. గవి ఏందో జర జెప్పు" అని నా ఒళ్ళో పెట్టాడు. పేజీ దొరికింది కానీ, అంకె పక్కన కిలోగ్రామ్ మీటరు అని ఉన్నది నాకు అర్థం కాలేదు. బడిలో లెక్కలు చెప్పే సిస్టర్‌ను అడిగాను. ఆడపిల్లకు ఈ గొడవ ఎందుకని ఆమె ఆశ్చర్యపోయి, మళ్ళీ తనే సుద్దముక్కతో నల్లబల్ల మీద ఒక కడ్డీ బొమ్మ గీసింది. మీటరు పొడవు కడ్డీ చివర ఎన్ని కిలోలతో లాగితే, అన్ని కిలోగ్రామ్ మీటర్లు, అంతే.

ఆ మాట మోసుకొచ్చి చెబితే మిస్త్రీ తాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత ఒక ఇనుప గొట్టం మీటరు పొడవుకు కోసి పానాకు తొడిగాడు. చింతపండు, ఎండుమిర్చి టోకున అమ్మే సేటు కొట్టుకు పోయి, మూటలు వేలాడదీసే స్ప్రింగు కాటా అడిగి తెచ్చాడు. "ఏం మిస్త్రీ, బోల్టులు కిలోల లెక్క అమ్ముతున్నవా?" అని సేటు వెక్కిరించాడట. గొట్టం చివర కాటా కొక్కెం తగిలించి లాగేవాడు. ముల్లు పుస్తకంలోని అంకె మీదికి రాగానే ఆపేవాడు. అప్పుడు కళ్ళు మూసుకునేవాడు కాదు. కళ్ళు విప్పార్చి ముల్లు వంకే చూసేవాడు. చేతికి బదులు కన్ను పనిచేయడం మొదలుపెట్టింది. చూసేవాళ్ళకు ఇదేదో కొత్త ఫ్యాషన్ అని చెప్పేవాడు.

ప్రతిసారీ పుస్తకం వెతుక్కోవడం ఎందుకని, అంకెలన్నీ గోడ మీద రాయమన్నాడు. నంబరు ప్లేట్లకు వేసే తెల్ల రంగు, సన్న కుంచె ఇచ్చాడు. ఒక ఆదివారం పొద్దున స్టూలు ఎక్కి మొదలుపెట్టాను. ఇంజను తల బోల్టులు, వెనక చక్రం నట్టు, హ్యాండిలు బోల్టులు. ఒక్కొక్క వరుస పైకి చదువుతూ, తెలుగులో పేరు, పక్కన అంకె. కింద ఇద్దరు బండివాళ్ళు నిలబడి చూస్తున్నారు. "అబ్బో, కాన్వెంట్ మేడమ్ బోర్డు రాస్తున్నది" అని ఒకడంటే ఇంకొకడు నవ్వాడు. నాకు చచ్చేంత సంతోషం.

హ్యాండిలు బోల్టులకు రెండు పాయింట్ ఎనిమిది. దాని కింది వరుస, ముందు చక్రం ఇరుసును పట్టి ఉంచే రెండు మూతల బోల్టులు. చిన్నవే, నాలుగు. ఆ వరుసలో అంకె ఉన్నచోట సరిగ్గా డబ్బా మరక పడింది. పాయింటు కనబడుతోంది, ఎనిమిది కనబడుతోంది, ముందరి అంకె లేదు. పేజీని వెలుతురుకు పెట్టి చూశాను. నల్లటి నూనె, అంతే.

"ఏమైంది మేడమ్, సదువస్తలేదా?" అన్నాడు కిందివాడు.

"ఎందుకు రాదు? రెండు పాయింట్ ఎనిమిది" అన్నాను. పై వరుసలో అదే ఉంది కదా, ఇదీ అంతే అయి ఉంటుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు. వాళ్ళు నవ్వకముందే నోట్లోంచి ఏదో ఒక అంకె బయటికి రావాలి, వచ్చింది. కుంచె ముంచి గోడ మీద రాసేశాను, రెండు అంకె తోక కొంచెం ఒయ్యారంగా కూడా తిప్పాను.

అదే రోజు మధ్యాహ్నం మా బాపు ముందు టైరు మార్పించుకున్నాడు. మిస్త్రీ తాత గోడ చూసి, కాటా తగిలించి, నాలుగు బోల్టులూ రెండు కిలోల ఎనిమిది వందలకు లాగాడు. మూడోదాని దగ్గర ఒకసారి ఆగి గోడవంక చూశాడు, తరువాత నావంక చూశాడు. నేను తల ఊపాను. చెయ్యి బాగున్న రోజుల్లో అయితే ఆ చిన్న బోల్టు లోపల్లోపల సాగుతున్న సంగతి ఆ చేతికి ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు ఆయనకు ఉన్నది ముల్లు, నేను.

ఇరవై రోజులో, నెలో ఆ బండి బాగానే తిరిగింది. ముసురు పట్టిన ఒక పొద్దున పురానాపూల్ దిగే వాలులో ముందు చక్రం బాపును వదిలేసి తన దారిన తను పోయింది. బాపు కుడికాలు మోకాలి కింద మూడు చోట్ల విరిగింది. మనిషి దక్కాడు, అదే పదివేలు అన్నారు అందరూ. మా అమ్మ మాత్రం పెద్దాసుపత్రి వరండాలో గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చింది. క్రేన్ ఎక్కేవాడికి కాలు లేకపోతే ఏముందని ఆమె ఏడుపు.

మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. బండి దగ్గరికి పోయి తెగిన బోల్టు ముక్కలు ఏరుకొచ్చాడు. వాటిని చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది. ముక్కలు గుప్పిట్లో పట్టుకుని నేరుగా మిస్త్రీ తాత దుకాణానికి నడిచాడు. గల్లీ సగం వెంట నడిచింది. వెనకాల నేను కూడా ఉన్నాను.

"ఇగ జూడు, మెడకాడ సన్నగైంది. సాగి తెగింది. ఎంతకు బిగించినవ్? బుక్కుల ఎంతుంది? జెప్పు!" అని చిన్నబాపు అరిచాడు.

మిస్త్రీ తాత స్టూలు మీంచి లేచాడు. జనాన్ని ఒకసారి చూశాడు, గుంపులో నేను కనబడ్డాను. రెండడుగులు వెనక్కి వేసి గోడకు వీపు ఆనించాడు. ఎత్తు మనిషి, వెడల్పు మనిషి. నా అక్షరాలు, ఒయ్యారంగా తోక తిప్పిన నా అంకె ఆయన చొక్కా వెనక్కి పోయాయి.

"బుక్కు ముచ్చట కాదు భాయ్. నా చెయ్యే పోయింది" అన్నాడు. "షుగరుతోని వేళ్ళు సచ్చిపోయినయ్. ఎంత బిగిస్తున్ననో నాకే తెల్వది. ఎవ్వరికి జెప్పకుంట పని జేసిన. తప్పు నాదే." అని ఊరుకోలేదు. నమ్మరేమో అని కుడి అరచెయ్యి చాచి కాలిన మచ్చ చూపించాడు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్న మాట, ఆయనే గల్లీ అంతటి ముందూ పెట్టేశాడు.

చిన్నబాపు చెయ్యి ఎత్తాడు కానీ కొట్టలేకపోయాడు. బోల్టు ముక్కలు ఆయన కాళ్ళ దగ్గర విసిరికొట్టి వచ్చేశాడు. "స్పర్శ లేని చేతులతోని మనుషుల పాణాలతోటి ఆడిండు" అని ఒకామె శాపనార్థాలు పెట్టింది. నేను ఏం చేశానని అడుగుతారేమో. ఏమీ చెయ్యలేదు. నోరు తెరవలేదు. అందరితోపాటు ఇంటికి వచ్చి, అమ్మ చెప్పకముందే పోయి పొయ్యి ఊదాను.

ఆ రోజునుంచి ఆ దుకాణం ముందు బండి ఆగలేదు. చెయ్యి పోయిన మిస్త్రీకి ఎవరిస్తారు బండి? ఒకరోజు ఆయన కమలాపండ్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "అన్నా, మాఫ్ జెయ్యి" అన్నాడు. మా బాపు కంటే ఆయన పదిహేనేళ్ళు పెద్ద, ఎన్నడూ అన్నా అని పిలిచింది లేదు. విరిగిన కాలు కదలనివ్వదు కనుక బాపు మెడ ఒక్కటే తిప్పి, ముఖం గోడవైపు పెట్టుకున్నాడు. పండ్లు కిటికీలో పెట్టి మిస్త్రీ తాత వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు చెప్పాలనిపించింది. గోడవైపు తిరిగిన బాపును చూసి ఆ మాట మింగేశాను.

మరికొన్నాళ్ళకు బడి నుంచి వస్తుంటే నన్ను పిలిచాడు. దుకాణం ఖాళీగా ఉంది, పానాలు కూడా గోనెసంచిలోకి పోయాయి. గోడ మీద మిగతా వరుసలన్నీ అలాగే ఉన్నాయి. ఆ ఒక్క వరుస ఉన్నచోట మాత్రం ఉలితో గచ్చు చెక్కేసి ఉంది, ఇటుక కనబడుతోంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి పుస్తకం తెరిచాడు. దూది ముక్క పెట్రోలులో ముంచి, మరక మీద మెల్లగా అద్దాడు. మళ్ళీ ఇంకో ముక్క. మళ్ళీ ఇంకోటి. నూనె దూదిలోకి దిగుతూ దిగుతూ పోయింది. పేజీ పసుపుపచ్చగా తేలింది. ముందరి అంకె బయటపడింది. ఒకటి. ఒకటి పాయింట్ ఎనిమిది.

నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. "కనబడ్తలేదు తాతా అని ఒక్క మాట అంటివంటే తుడ్సెటోన్ని గదా బిడ్డా. గింతసేపే గదా" అన్నాడు. ఆయన కళ్ళల్లో కూడా నీళ్ళు ఉన్నాయి. "మరక నేను జేసిన. తెల్వని అంకె నువ్వు జెప్పినవ్. నాకు డౌట్ అచ్చి గూడ అడగలే. ఇద్దరం జేసినం" అన్నాడు.

బాపుకు చెబుతానన్నాను. "చెప్పు. నేను వద్దన. గని ముందు మీ బాపు లేసి నడ్వని. కాలు నొస్తున్నోనికి మనసు గూడ నొప్పియ్యకు" అన్నాడు. నా నెత్తిమీద చెయ్యి పెట్టాడు. ఆ చేతికి నా జుట్టు తగిలిందో లేదో కూడా తెలియదు కదా అని అప్పుడు తట్టి ఇంకా ఏడుపొచ్చింది.

బాపు లేచి నడిచాడు. దసరా నాటికి కర్రతో, సంక్రాంతి పోయాక కర్ర లేకుండా, ఒక పక్కకు ఒరుగుతూ. ఫ్యాక్టరీవాళ్ళు క్రేన్ నుంచి దించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ వచ్చేపోయే లారీల నంబర్లు రాసేవాడు. నేను ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉన్నాను. పరీక్షలయ్యాక అనుకున్నాను. ఎండలు తగ్గాక అనుకున్నాను. ఈలోపల మిస్త్రీ తాత దుకాణం ఖాళీ చేసి జహీరాబాద్ దగ్గర కూతురింటికి పోయాడు. పోయే ముందు మా గడపదాకా వచ్చి, పుస్తకం అమ్మ చేతికిచ్చి, "చిన్నదానికి ఇయ్యుండ్రి" అని చెప్పిపోయాడట. లోపల మంచం మీద బాపు ఉన్నాడు. లేవలేదట.

వానాకాలం మొదట్లో సేటు కొట్టు దగ్గర ఎవరో చెప్పారు, మిస్త్రీ పోయిండు, కాలికి పుండు పడి మానలేదని. ఆ మాట బాపే ఇంటికి తెచ్చాడు. చెప్పులు విప్పుతూ మామూలుగా అన్నాడు. అప్పుడు నా నోరు తెరుచుకుంది. అన్నీ చెప్పాను, మరక, ఇద్దరు బండివాళ్ళు, రెండు, ఒకటి, పెట్రోలు దూది. ట్రంకు పెట్టె తీసి పుస్తకం కూడా చూపించాను.

బాపు పుస్తకం తీసుకుని, ఆ ఒకటి అంకె మీద వేలు పెట్టి చూశాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన తన కాలివంక కూడా చూసుకోలేదు. "దవాఖానకు అచ్చిననాడు నేను మొకం అటు తిప్పుకుంటి గదనే" అన్నాడు. ఆ ఒక్క మాటే. తరువాత బతికినన్నాళ్ళూ కమలాపండు ఆయన నోట పెట్టలేదు. ఆ కాలు నా వల్ల పోయింది సరే, దాన్ని ఆయన మోశాడు. మిస్త్రీ తాతను మాఫ్ చేసే వీలు కూడా నా వల్లే పోయింది. అది మోయడమే ఆయనకు ఎక్కువ బరువైంది.

పెద్దయ్యాక నేను ఒక సర్కారు దవాఖానలో మందులిచ్చే ఉద్యోగం చేశాను, ముప్పై ఏళ్ళకు పైగా. డాక్టర్ల రాత సంగతి మీకు తెలుసు. అర మాత్రనా, ఒకటా, రోజుకు రెండుసార్లా, మూడుసార్లా అన్నది తెలియకపోతే చీటీ వెనక్కి ఇచ్చేసేదాన్ని. "నాకు చదువవస్తలేదు, మళ్ళీ రాయించుకొని రాండి" అనేదాన్ని. క్యూలో వాళ్ళు లొల్లి పెట్టేవాళ్ళు. ఇంత చిన్నది కూడా చదవలేని మనిషికి ఈ నౌకరీ ఎవరిచ్చారని ముఖం మీదే అడిగినవాళ్ళున్నారు. నా పక్కన కూర్చునే కుర్రాడు, మేడమ్, అది అరే అయి ఉంటుంది, ఇచ్చెయ్యండి అనేవాడు. అయి ఉంటుంది అన్న మాట వినగానే నేను ఆ చీటీ కిటికీలోంచి వెనక్కి తోసేదాన్ని.

ఉద్యోగం దిగిపోయి చాలా కాలమైంది. మనవరాలు బడి పుస్తకం తెచ్చి ఏదైనా అడిగితే, తెలియనిది తెలియదనే చెబుతాను. అలవాటైపోయిందిలే అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. అలవాటు కాలేదు. ఆ మాట అనేముందు ఇప్పటికీ ఒక్క క్షణం నాలుక ఆగుతుంది, ఎదురుగా ఆ ఇద్దరు బండివాళ్ళు నవ్వడానికి సిద్ధంగా నిలబడి ఉంటారు. వాళ్ళ వెనకాల, గోడకు వీపు ఆనించి, మిస్త్రీ తాత నా వంకే చూస్తుంటాడు. అప్పుడు చెప్పేస్తాను.